పంపినదానికన్నా ఎక్కువ వెలుగు

రుషికొండలో బయలుదేరిన వెలుగు కంటే భీమిలి స్విచ్‌కి చేరుతున్న వెలుగు ఎక్కువగా ఉందని మొదట కనిపెట్టింది వకుళ. కనిపెట్టినప్పుడు ఆమెకు కలిగింది ఆశ్చర్యం కాదు, చిరాకు. అలాంటి అంకె వచ్చిందంటే మీటరైనా చెడిపోయి ఉండాలి, తన బుర్రైనా పనిచెయ్యడం మానేసి ఉండాలి.

తరంగిణి నెట్‌వర్క్స్ కంపెనీలో ఆమె ఉద్యోగం ఆ వెలుగుని కొలవడమే. రెండు నెట్‌వర్క్ స్విచ్‌ల మధ్య నేల లోపల వెంట్రుకంత సన్నటి గాజు ఫైబర్ నడుస్తుంది. ఒక చివర లేజర్ మినుకుతుంటే రెండో చివర ఉన్న పోర్టు ఆ మినుకులు చదువుకుంటుంది. దారిలో ప్రతి అతుకు దగ్గరా కాస్త వెలుగు పోతుంది. రుషికొండలో మైనస్ మూడుతో బయలుదేరితే భీమిలికి చేరేసరికి మైనస్ పదకొండుకో పన్నెండుకో దిగాలి. మైనస్ పెరిగేకొద్దీ మసక అని లెక్క. మరీ మసకబారితే లింకు పడిపోతుంది. అప్పుడు వకుళ బయలుదేరి, వెలుగు ఏ అతుకులోంచి కారిపోతోందో పట్టుకుని బాగుచేయిస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆమె వెతికిందంతా పోయిన వెలుగునే. ఎక్కణ్ణుంచో వచ్చిపడిన వెలుగుని వెతకాల్సి రావడం ఇదే మొదలు.

భీమిలిలో ప్లస్ రెండు చూపిస్తోంది. చీకటిగదిలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండలోకి వచ్చిన మనిషి కళ్ళు బైర్లు కమ్మినట్టు, ఆ వెలుగు ధాటికి పోర్టు ఏదీ సరిగ్గా చదవలేక తప్పుల మీద తప్పులు చూపిస్తోంది. వకుళ కనెక్టర్లు తుడిచింది. రెండు చివర్లా వెలుగుని పంపే, అందుకునే మాడ్యూళ్ళు మార్చింది. ఇంకో మీటరు తెప్పించి కొలిచింది. వెలుగుని తగ్గించే అటెన్యూయేటర్ బిళ్ళ ఒకటి మధ్యలో తగిలిస్తే లింకు కుదుటపడింది. మర్నాటికల్లా వెలుగు ఇంకా పెరిగి, కథ మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ లింకులో కొత్తగా వచ్చి చేరింది ఒక్కటే, జిగురు. దాన్ని తయారుచేసింది వకుళ సొంత అక్క, కంపెనీ పరిశోధనశాలకు పెద్ద అయిన డాక్టర్ ఇందుమతి. సముద్రం అడుగున చీకట్లో మెరిసే సూక్ష్మజీవుల్ని తెచ్చి, ఏళ్ళ తరబడి మార్చి మార్చి, ఫైబర్ అతుకుల్లో బతికే జిగురుగా పెంచింది. ఫైబర్‌లో ఏ తాళంలో వెలుగు మినుకుతుందో అదే తాళంలో ఆ జిగురూ మినుకుతుంది. అతుకు దగ్గర పోయినదాన్ని అది పూడుస్తుంది. కరెంటు అక్కర్లేదు, రోజూ చూసుకునే మనిషి అక్కర్లేదు, అప్పుడప్పుడు కాస్త పంచదార పాకం చాలు. బీచ్ రోడ్డు వెంట పోయే ఈ లింకే దానికి మొదటి పరీక్ష.

పోయినదాన్ని పూడ్చడం వరకూ వకుళకు అర్థమవుతుంది. పోయినదానికంటే ఎక్కువ ఎక్కణ్ణుంచి తెచ్చి పోస్తోంది?

అదే మాట డైరెక్టర్ మోహనకృష్ణ దగ్గర అంది. ఆయన స్క్రీన్ మీద అంకె చూసి కుర్చీలోంచి లేచాడు.

"ప్లస్ రెండా! అమ్మా వకుళా, నువ్వు కంప్లైంటని పట్టుకొచ్చింది మన పాలిట వరం."

"ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీడం లేదు సార్."

"రానీవమ్మా. వచ్చేదాన్ని వద్దంటారా ఎవరైనా? సముద్రం అడుగున వేసే కేబుళ్ళకి ఇలాంటిది దొరికితే ఇక మనల్ని ఆపేవాడెవడు?"

విందులో విస్తరి ముందు కూర్చున్నవాడిలా ఆయన నాలుకతో పెదాలు తడుపుకున్నాడు. 

ఇంట్లో అక్కకూ ఆ మాటే చెప్పింది. వకుళ భర్త ఓడల్లో ఇంజనీరు, ఏడాదిలో సగం పైగా నీళ్ళ మీదే ఉంటాడు. అమ్మ పోయినప్పుడు వకుళ ఇంకా స్కూల్లోనే ఉంది. అప్పట్నుంచీ ఆమెను పెంచింది ఇందుమతే. జడ వేసిందీ, ఫీజులు కట్టిందీ, పెళ్ళి చేసిందీ ఆమె. తన పెళ్ళి మాట మాత్రం ఎత్తలేదు. ఇప్పుడు వకుళ కూతురు మిన్నునీ ఆమే చూస్తుంది. మిన్నుకి ఐదేళ్ళు. పెద్దమ్మ తినిపిస్తే తప్ప అన్నం ముట్టదు.

ఆ సాయంత్రం ఇందుమతి బెండకాయ పులుసు కలిపి, చిన్న చిన్న ముద్దలు చేసి మిన్ను నోట్లో పెడుతోంది.

"పెద్దమ్మ వేళ్ళు నున్నగా జారతాయమ్మా, నీ వేళ్ళు గరుకు" అంది మిన్ను, నోరు నిండా అన్నం పెట్టుకుని.

"మీ అమ్మ రోజంతా స్క్రూలు తిప్పుతుంది కదే" అని నవ్వింది ఇందుమతి. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "ప్లస్ రెండంటే సంతోషించాల్సింది పోయి ఆ మొహం ఏంటి?" అంది.

"ఎక్కడో ఏదో ఖర్చవకుండా ఇక్కడ వెలుగు పెరగదక్కా. ఆ ఖర్చవుతున్నదేంటో నాకు కనపడాలి."

ఇందుమతి ఇంకో ముద్ద చేసి మిన్ను నోటికి అందించింది.

మర్నాడు వకుళ అతుకు అతుకూ కొలిచే పనికి దిగింది. ఆమెతో పైడిరాజు వచ్చాడు. తెగిన ఫైబర్లు కలిపే పనిలో ఆరితేరినవాడు. జిగురు పూసిన అతుకుల్లో కొన్ని అతను వేసినవే. మిగిలినవి వేరే కాంట్రాక్టరు మనుషులు వేశారు. బీచ్ రోడ్డు పక్కన నేలలో అతుకులుండే మొదటి చాంబర్ మూత ఎత్తగానే ఇద్దరూ వెనక్కి జరిగారు. ఎండుచేపల గోతంలో తేనె పోసి, మూతి కట్టి, ఎండలో పడేసినట్టుంది ఆ వాసన. తియ్యగా ఉండటం వల్లే మరీ భరించలేకుండా ఉంది.

వకుళ ముక్కుకి చున్నీ కట్టుకుని లోపలికి వంగింది. అతుకు పెట్టె అంచులు ఉబ్బి, సందుల్లోంచి జిగురు బయటికొచ్చి గోడ మీదికి పాకింది. పసుపుపచ్చటి చీమిడిలా తీగలు సాగుతోంది. అందులో బొద్దింకలు అతుక్కుని ఉన్నాయి. కొన్నింటికి డొల్ల మాత్రమే మిగిలింది. కొన్నింటి కాళ్ళు ఇంకా కదులుతున్నాయి. ఆ డొల్లల చుట్టూ జిగురు ఆకుపచ్చగా, నెమ్మదిగా వెలిగి ఆరుతోంది.

"ఛీ" అంది వకుళ, పైకే.

మీటరు పెట్టి చూసింది. ఈ అతుకులోకి వచ్చే వెలుగు కంటే బయటికి పోయే వెలుగు ఎక్కువ. తర్వాతి చాంబర్‌లో అలా లేదు. అక్కడ జిగురు పలచగా, పద్ధతిగా పెట్టె లోపలే ఉంది. వాసన లేదు, వెలుగు పోవాల్సినంత పోతోంది. ఆ తర్వాతది మళ్ళీ కంపు, మళ్ళీ వెలుగు. ఇలా నాలుగైదు చూసేసరికి ఆమెకు తేడా తెలిసింది. కంపు కొట్టేవన్నీ పైడిరాజు వేసిన అతుకులు.

"నువ్వు ఇందులో ఇంకేమైనా కలుపుతున్నావా పైడిరాజూ?"

"నానేటి కలుపుతాను మేడమ్? మీరిచ్చిన డబ్బాలోదే కదా."

అలా అంటూనే అతను కత్తితో పెట్టె అంచు లేపబోయాడు. కత్తి జారి చూపుడువేలి కొసని చీరింది. రక్తం కారుతోంది. పైడిరాజు పని ఆపలేదు.

"చెయ్యి! చెయ్యి తెగింది!" అని అరిచింది వకుళ.

అతను వేలు చూసుకుని, చొక్కాకి తుడుచుకున్నాడు. "తెల్లేదు మేడమ్. ఈ ఏళ్ళకి సలువూ తెల్దు, ఏడీ తెల్దు. రేసన్ కాడ ఏలిముద్ర కూడా పడట్లేదు. మా ఆడది సంతకం ఎట్టి తెస్తంది."

వకుళ అతని చెయ్యి పట్టుకుని చాంబర్ నీడలోకి లాగింది. వేలి కొసలు నున్నగా, అరిగిన సబ్బుబిళ్ళలా ఉన్నాయి. గీతలన్నవే లేవు. తెగినచోట ఎర్రటి రక్తం కింద, చర్మం లోపల, ఆకుపచ్చటి కాంతి నెమ్మదిగా వెలిగి ఆరుతోంది.

ఆమె ఆ చెయ్యి వదిలెయ్యబోయింది. వదిలేస్తే తన అసహ్యం అతనికి తెలిసిపోతుందని వదల్లేదు.

"గ్లౌజులు వేసుకోవా నువ్వు?"

"పెద్దమేడమే వద్దనీసినారు గదా. గ్లౌజులేస్తే జిగురు సచ్చిపోద్ది, ఒట్టి సేత్తోనే పుయ్యాలి, బాగా రాసి రాసి పుయ్యాలి అన్నారు. ఆ కాంట్రాక్టోలకి సెప్పినట్టు లేరు, ఆలు ఏసుకుంటారు." అతను వకుళ మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఏటయింది మేడమ్? ఇదేటైనా రోగమా?"

"నువ్వు ఆస్పత్రికి పద. నేను ఒకసారి ల్యాబ్‌కి వెళ్ళి అక్కడికే వస్తాను" అని మాత్రం అనగలిగింది వకుళ.

ఇందుమతి ఒక్కతే ఉంది ల్యాబ్‌లో. చెల్లెలు అడిగినదానికి ఆమె బుకాయించలేదు, తొట్రుపడలేదు. కిటికీ తెరలు వేసి రెండు గాజుపళ్ళేలు బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో జిగురు ఉందా లేదా అన్నట్టు మినుకుతోంది. రెండోదాంట్లో బల్ల మీద నీడలు పడేటంత వెలుగు. దాని మధ్యలో గోరంత చర్మపు ముక్క ఉంది.

"పంచదారతో బతుకుతుందే ఇది. చర్మంతో వెలుగుతుంది" అంది ఇందుమతి. ఆమె గొంతులో పాఠం చెప్పే మురిపెం ఉంది. "మామూలు చర్మం కాదు, స్పర్శ తెలిసే చర్మం. నరం కొసలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడ. అంటే వేలి కొసలు. ఒక్కసారి రుచి తగిలిందంటే ఆ జిగురు జన్మలో ఆరిపోదు. ఎక్కడ దొరికితే అక్కడ వెతుక్కుంటుంది, పురుగో పుట్రో. ఎలుక చర్మంతో చూశాను, ఇంతలా రాదు."

"పైడిరాజుకి చెప్పావా ఇదంతా?"

"ఏం చెప్పను? నొప్పి ఉండదు వాడికి. అసలు నొప్పే ఉండదు. అది నాకు బాగా తెలుసు."

ఆమె తన కుడిచెయ్యి చాపింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు. మూడు కొసలూ ఆ చీకట్లో ఆకుపచ్చగా వెలిగి ఆరుతున్నాయి.

వకుళకు ఆ చెయ్యి చిన్నప్పటి నుంచీ తెలుసు. జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద ఉన్న చెయ్యి అది. ఇప్పుడు దాన్ని చూస్తే గోడమీద బొద్దింకల చుట్టూ పాకిన జిగురే కనపడింది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి. ముందు నా మీదే చూసుకున్నాను వకుళా. నా మీద చూడకుండా వాడి చేత చేయించలేదు. ఆ మాత్రం న్యాయం నాకు తెలుసు."

"నువ్వు ఒప్పుకుని చేసుకున్నావు. వాడు దేనికి ఒప్పుకున్నాడు?" అంటూనే వకుళకు ఇంకొకటి తట్టింది.  "అక్కా. ఆ చేత్తోనే కదూ మిన్నుకి..."

అప్పటిదాకా చలించని ఇందుమతి మొహం ఆ మాటకి చిన్నబోయింది.

"కడుక్కునే పెట్టానే" అంది.

వకుళ చేతులు కడుక్కునే తొట్టి దాకా వెళ్ళగలిగింది. పొద్దున తిన్నదంతా కక్కేసింది.  వెనకనుంచి అక్క వీపు నిమరబోతే, "ముట్టుకోకు!" అని అరిచింది. ఆ అరుపుకి పక్క గదిలోంచి డైరెక్టర్ వచ్చాడు. బల్ల మీద పళ్ళేలు, ఇందుమతి చెయ్యి, వకుళ మొహం వరసగా చూశాడు. ఆయనలో ఆశ్చర్యం లేదు. ఆయనకూ తెలుసని వకుళకు అర్థమైంది.

"ఇందులో ఇంత గొడవకేముందమ్మా? రేపట్నుంచి అందరికీ చెప్పే చేయిద్దాం. ఇష్టమున్నవాళ్ళే చేస్తారు. నాలుగు వేళ్ళు మొద్దుబారతాయంటే మానేస్తారనుకుంటున్నావా? ఊళ్ళో చేతులకి కరువా?" అన్నాడు, చాలా మామూలుగా, కూలీలు దొరకడం గురించి మాట్లాడినట్టు.

వకుళ నోరు తుడుచుకుంది. ఆయన మొహం మీద ఉమ్మాలనిపించింది. ఉమ్మడానికి నోట్లో తడి లేదు. చర్మపు ముక్క ఉన్న గాజుపళ్ళేనికి మూత బిగించి, సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

"అది ల్యాబ్ సొత్తు వకుళా!" అని అక్క కేక వేసింది. వకుళ ఆగలేదు. ముందు స్విచ్ గదికి వెళ్ళి భీమిలి వైపు లేజర్ ఆపేసింది. అయినా అవతల పోర్టులో వెలుగు ఆరలేదు. పంపేవాళ్ళు లేకపోయినా, ఆ జిగురు తాళం లేకుండా, తనంతట తను వెలుగుతూనే ఉంది. వకుళ ఫైబర్‌ని కనెక్టర్ దగ్గర కత్తిరించింది.

బడి నుంచి మిన్నుని తీసుకుని ఆమె ఆస్పత్రికి చేరేసరికి పైడిరాజు, అతని భార్య నీలవేణి వచ్చి ఉన్నారు. డాక్టరు మిన్ను నోరు, నాలుక, గొంతు చీకటిగదిలో పరీక్షించాడు. కడుపులోంచి నీళ్ళు తీసి చూశారు. ఆ పిల్ల ఏడుస్తుంటే వకుళ గట్టిగా పట్టుకుని కూర్చుంది. పిల్లలో ఏమీ లేదు. వకుళ తెచ్చిన పళ్ళెంలోని జిగురుని కూడా పరీక్షించి, కడుపులోని ఆమ్లానికి ఆ జీవులు బతకవని, లాలాజలంలో కూడా నిలవవని డాక్టరు చెప్పాడు. పైడిరాజు సంగతి అలా లేదు. అతని వేళ్ళలో రెండో కణుపు దాకా నరాలు లేవు. కొయ్యకపోతే చేతిలోకి పాకుతుందన్నాడు.

వరండాలో నీలవేణి వకుళ పక్కనే నిలబడింది.

"ఆ పెద్దమేడమ్ మీ అప్పేనంట గదా?"

"అవును."

"తెలిసే సేయించిందా?"

"తెలిసే."

నీలవేణి పక్కకి తిరిగి, వరండా అవతల మట్టిలోకి ఉమ్మింది. "నాను జోరంతో పడుంటే ఆ సేత్తోటే గెంజి తాగించినాడమ్మా మా ఇంటాయన. మీ పాపకి సూపించుకున్నారు. మరి నన్నెవులు సూస్తారు?"

వకుళకు సిగ్గేసింది. ఇంతసేపూ ఆమెకు తన కూతురి నోరు తప్ప ఇంకెవరి నోరూ గుర్తు రాలేదు. లేచి డాక్టరు దగ్గరికి నీలవేణిని తనే తీసుకెళ్ళింది. ఆమెకూ ఏమీ అంటలేదని తేలేదాకా గది బయటే ఉంది. తర్వాత గాజుపళ్ళేన్ని డాక్టరు దగ్గరే ఉంచి, పోలీసులకి ఫిర్యాదు చేసింది. అందులో డైరెక్టర్ పేరుతో పాటు అక్క పేరు కూడా చెప్పింది. చెబుతున్నప్పుడు ఎస్సై, "సొంత అక్కేనా?" అని రెట్టించి అడిగాడు.

ఆ తర్వాత జరిగినవి ఊరందరికీ తెలిసినవే. బీచ్ రోడ్డు చాంబర్లన్నీ తెరిచి క్లోరిన్ పోశారు. ఆ కంపుకి చుట్టుపక్కలవాళ్ళు కిటికీలు మూసుకుని కూర్చున్నారు. డైరెక్టర్ టీవీలో మాట్లాడుతూ, ఇదంతా ఒక శాస్త్రవేత్త సొంతంగా చేసిన పని, కంపెనీకి సంబంధం లేదన్నాడు. ఆయనకి బెయిలు వచ్చిన వారంలోనే కంపెనీ గేటు దగ్గరికి జనం వచ్చారు. తిట్టడానికే వచ్చారనుకుని వకుళ ఆగి చూసింది. వాళ్ళు వాచ్‌మన్‌ని అడుగుతున్నది ఒట్టి చేతుల పని మళ్ళీ ఎప్పుడు మొదలెడతారని. ఆమె ఇక అటువైపు వెళ్ళలేదు. ఉద్యోగం మానేసింది.

ఆపరేషన్ అయ్యాక పైడిరాజుని చూడటానికి వెళ్తే, కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, పళ్ళు బిగబట్టి పడుకుని ఉన్నాడు. "నొప్పెడతంది మేడమ్" అన్నాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కాసేపటికి మళ్ళీ, "నొప్పి తెలస్తంది" అన్నాడు, నమ్మలేనట్టు. వకుళ ఏదో అనబోతే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఇంకోసారి రావద్దని నీలవేణి చెప్పింది. కోపంగా చెప్పలేదు. వకుళ మళ్ళీ వెళ్ళలేదు.

ఇందుమతి వేళ్ళు మూడూ మొదటి కణుపు దాకా తీసేశారు. కేసు నడుస్తోంది. వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం ఆమె వకుళ కొత్తగా అద్దెకు తీసుకున్న ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. కుడిచెయ్యి చీరకొంగులో చుట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"మిన్నుని ఒక్కసారి చూసిపోతానే."

వకుళ తలుపు తీసే ఉంచింది గానీ పక్కకి జరగలేదు. డాక్టర్లు ఏం చెప్పారో ఆమెకు తెలుసు. అక్క ఒంట్లో ఇప్పుడు ఆ జిగురు ఆనవాలు కూడా లేదు. తెలిసినా ఆ తియ్యటి కంపు ముక్కుకి తగులుతున్నట్టే ఉంది.

"నీ చేతులు వెనక్కి పెట్టుకో" అంది.

ఇందుమతి చెల్లెలి మొహంలోకి చూసింది. తర్వాత బడిపిల్లలా చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. వకుళ పక్కకి తప్పుకుంది.

మిన్ను గదిలోంచి పరిగెత్తుకొచ్చి పెద్దమ్మ నడుముని చుట్టేసుకుంది. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావని, బడిలో తనకి ముందు పళ్ళు ఊడాయని, కొత్తింట్లో బల్లులున్నాయని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఇందుమతి వంగి వింటోంది. చేతులు ముందుకు రాబోయి మళ్ళీ వెనక్కి పోతున్నాయి. మిన్నుకి అదేదో ఆటలా తోచింది. వెనక్కి వెళ్ళి, దాచిన చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. పొట్టివైపోయిన వేళ్ళు చూసింది. భయపడలేదు. వాటిని తన అరచేతిలో పెట్టుకుని, "నొప్పా పెద్దమ్మా?" అంది.

ఇందుమతి జవాబు చెప్పేలోగా వకుళ వచ్చి కూతుర్ని ఎత్తుకుంది. స్నానాలగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కొళాయి తిప్పి, సబ్బు రుద్ది, ఆ చిన్న అరచేతిని కడగసాగింది. వేళ్ళ సందులు, గోళ్ళు, మణికట్టు.

"మట్టేం లేదమ్మా" అంది మిన్ను.

వకుళ మళ్ళీ సబ్బు రుద్దింది. పలచటి రేకు తలుపు అది. బయట నిలబడ్డ మనిషికి నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది. వినిపిస్తోందని వకుళకు తెలుసు. తెలిసీ కొళాయి కట్టలేదు.